మూసీ గట్టు వెంట

చార్మినార్ చూసి, బిర్యానీ తిని వెళ్లిపోయే చుట్టాలందరికీ నేను ఇంకో దారి చెబుతుంటాను. పొద్దున్నే పురానాపూల్ నుంచి నయాపూల్ దాకా నడవండి. ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో కట్టించిన పురానాపూల్ వంతెన మీద ఇప్పుడు కూరగాయల సంత! రాతి కమానుల పైన కొత్తిమీర కట్టలు, పచ్చిమిర్చి గుట్టలు, బేరాలు. ముందుకెళ్తే హైకోర్టు గుమ్మటాలు. నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లి, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కింద తప్పకుండా ఆగండి. 1908 సెప్టెంబర్ వరదలో దాని కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. నది కంపు కొడుతుంది, నిజమే. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అయినా వెళ్లండి, ఎవరూ చూడని నదిని ఎవరు పట్టించుకుంటారు? సాలార్‌జంగ్ మ్యూజియం కూడా చూడాలంటే శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు సెలవు.