బీచ్‌రోడ్డులో పేలని బాంబు

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు ప్రాంతంలో పత్తి తీతలు, మిరపకాయ కోతలు ముగిసి పిల్లలకు సెలవులిస్తే, గుంటూరు వెళ్లి విశాఖ రైలెక్కే కుటుంబాలు తక్కువేం కాదు. కైలాసగిరి, రామకృష్ణా బీచ్, ఒడ్డున నిలిపిన కుర్సురా జలాంతర్గామి... వీటితోనే రోజు గడిచిపోతుంది. అదే బీచ్‌రోడ్డులో, పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. కాస్త ఓపిక చేసుకుని లోపలికెళితే ఒక బాంబు కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ విమానాలు వేసిందది. అదృష్టం, పేలలేదు!

1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ దాడి చేసింది. ర్యుజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలకు విశాఖలో గురి, పట్టుమని పదేళ్లు నిండని ఓడరేవు. భయంతో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు.

దీనికి రెండు రోజుల ముందు జరిగిన కథలో నాయకుడు కెనడా దేశస్థుడు. పేరు లియొనార్డ్ బర్చెల్. కెనడా వైమానిక దళంలో 413వ స్క్వాడ్రన్ అధికారి. ఏప్రిల్ 4న మరో ఎనిమిది మందితో కాటలినా విమానంలో సిలోన్ (నేటి శ్రీలంక) నుంచి గస్తీకి వెళ్లారు. సాయంత్రం, తీరానికి దక్షిణంగా సుమారు 350 మైళ్ల దూరంలో నౌకల బారు కనిపించింది. ఎవరివో తేల్చుకుందామని దగ్గరికెళ్లారు. అవి జపాన్‌వి! వైర్‌లెస్‌లో కబురు పంపుతుండగానే శత్రువుల గుళ్లు తగిలి విమానం సముద్రంలో పడింది. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు, ఆరుగురు బందీలయ్యారు. కబురు మాత్రం చేరింది. మర్నాడు, ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద దాడి జరిగేసరికి రేవులోని ఓడలు చాలావరకు దూరంగా వెళ్లిపోయాయి.

బర్చెల్ చూసిన దండు వేరు, విశాఖ మీదికి వచ్చింది వేరు. రెండూ ఒకే పథకంలో భాగాలు. ఈ రెండోది ఆ కొద్దిరోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలను ముంచింది.

బర్చెల్ 1945 దాకా చెరలోనే ఉన్నారు. 2004లో కన్నుమూశారు. ఆయన ఇంటికి తిరిగొచ్చారు గానీ ఆ తరం కెనడా కుర్రాళ్లలో ఎందరో రాలేదు. ఐరోపాలో రాత్రిళ్లు బాంబులు వేయడానికెళ్లిన బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో 55 వేల మందికి పైగా చనిపోతే, అందులో దాదాపు 10 వేల మంది కెనడా వాళ్లే. మన వైపు సముద్రాల్లో, అడవుల్లో సమాధైనా లేకుండా పోయిన వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద చెక్కి ఉన్నాయి.

విశాఖలో ఆనాటి గుర్తులంటే ఈ బాంబు, తీరం వెంట ఇసుకలో కూరుకున్న కాంక్రీటు పిల్‌బాక్సులు.