సాక్షి ఉండగానే

పోయిన నెల ఒక పెళ్ళిలో పక్కన కూర్చున్న పెద్దాయన మా ఊరేదని అడిగారు. జైపూర్ అన్నాను. "రాజస్థానా?" అన్నారు. కాదండీ, మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే దారిలో ఉన్న జైపూర్ అని చెప్పాను. "ఓహో, సింగరేణి కరెంటు ప్లాంటు ఊరా! అక్కడ బొగ్గు తప్ప చరిత్రేముంటుంది లెండి" అని నవ్వారు. నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఇటువంటి మాటకు వెనుకటికి ఒక వకీలు జవాబు చెప్పిన తీరు అప్పుడు గుర్తుకొచ్చింది. ఆయన సురవరం ప్రతాపరెడ్డి గారు. 1896లో పాలమూరు ప్రాంతంలో పుట్టి, న్యాయశాస్త్రం చదివి, హైదరాబాదులో వకాలతు చేసినవారు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఎవరో అన్నప్పుడు ఆయన వాదనకు దిగలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించారు. 1934లో వచ్చిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. లేరన్నవారి ముందు సాక్షులను వరుసగా నిలబెట్టడమే ఆయన జవాబు. దానిలో నాకు కనిపించేది పండితుడికంటే వకీలే.

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలోనూ అదే పద్ధతి. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలాడారు అని అడిగారు. ఈ ప్రశ్నలకు శాసనాలు చాలవు. అందుకని పాల్కురికి సోమనాథుణ్ణి, శ్రీనాథుణ్ణి బోనెక్కించారు. మనం అలంకారాల కోసం చదివే పద్యంలో ఆయన వంటకాల పేర్లు, సంతలో సరుకులు, పూటకూళ్ళ ఇళ్ళు వెదికారు. ఆయన 1953లో కన్నుమూశారు. తెలుగుకు వచ్చిన మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ పుస్తకానికే దక్కింది. అందుకోవడానికి ఆయన లేరు.

మరి మా బొగ్గుగనుల నేల సంగతి? 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గును గుర్తించడం, 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు రావడం, 2016లో మా జైపూర్ ప్లాంటులో 1,200 మెగావాట్ల ఉత్పత్తి మొదలవడం - ఇవన్నీ కాగితాల మీద భద్రంగా ఉన్నాయి. ఒకరకంగా ఇవి మా రాజవంశావళులు. బాయి దిగినవాడు మాత్రం వాటిలో కనిపించడు.

మా నాయన బాయి దిగినవాడే. చాలా ఏళ్ళు తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపాడు. కప్పు కూలేముందు దానికి ఆనించిన కర్రలు చప్పుడు చేస్తాయని చెప్పేవాడు. "కర్ర ఏడిస్తే ఎనకకు సూడొద్దు బిడ్డా, ఉరుకుడే" అనేవాడు. ఇటువంటివి ఆయన దగ్గర వందలుండేవి. అన్నీ రాసుకుంటానని మాటిచ్చాను. వచ్చే సంక్రాంతికి, ఆపై వచ్చే దసరాకు అనుకుంటూ వాయిదాలు వేశాను. మూడేళ్ళ కింద ఆయన పోయాడు. నా దగ్గర మిగిలింది ఆ ఒక్క వాక్యం.

వాయిదాల మధ్య సాక్షి చనిపోతే వ్యాజ్యం ఏమవుతుందో ఏ వకీలునడిగినా చెబుతాడు. చరిత్ర సంగతీ అంతే. ఓపెన్‌కాస్టు కింద పోయిన ఊరికి పరిహారం లెక్క కాగితం మీద ఉంటుంది; ఆ ఊరి చింతచెట్టుకు ఆ పేరెందుకొచ్చిందో అక్కడి ముసలమ్మ నోట మాత్రమే ఉంటుంది. సురవరం వారికి పద్యాలైనా దొరికాయి. మా వాళ్ళు పద్యాలు రాయలేదు, చెప్పుకున్నారంతే.

పెళ్ళి నుంచి వచ్చిన మర్నాడు రాత్రి ఒక నోటు పుస్తకం తీసుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. "నాయన మొదటి షిఫ్టుకు పోయే రోజు సద్ది ఏం కట్టేదానివమ్మా?" అని అడిగాను.

"గదెందుకురా ఇప్పుడు?" అంది. కాసేపు ఆగి తనే మొదలుపెట్టింది. తెల్లవారకముందే లేవడం, కట్టెల పొయ్యి, అన్నంలోకి మామిడికాయ తొక్కు, ఒక ఉల్లిగడ్డ. షిఫ్టు విడిచిన సైరన్ మోగాక ఆయన ఇంటికి చేరేదాకా గుమ్మంలో నిలబడటం. ఎదురింటామె కూడా అట్లాగే నిలబడేదట. ఆ ఒక్క గడియ ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదట.

ఈ సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

నాలుగు పేజీలు నిండాయి. పెళ్ళిలో కలిసిన పెద్దాయనకు ఇది జవాబవుతుందో లేదో చెప్పలేను. మిత్రులారా, మీ ఇంట్లోనూ ఇంకా ఒక సాక్షి ఉండి ఉంటారు. వాయిదా వేయకండి.