బిందెలో ఏరు

నెలనెలా మీతో చెప్పుకునే ఈ కబుర్లలో నా గొప్పలు మరీ ఎక్కువవుతున్నాయని మా ఆవిడ అభియోగం. చదివిన పుస్తకం, పూయించిన గులాబి, క్లాసులో విసిరిన ఛలోక్తి, అన్నీ నేను నెగ్గిన కథలేనట. ఆలోచిస్తే నిజమే ననిపించింది. అందుచేత ఈ నెల ఓడిపోయిన కథ ఒకటి చెబుతాను.

నాది గోదావరి ఒడ్డు. తెలుగులో ఎం.ఏ. చదివి, నాలుగూళ్లు తిరిగి, చివరికి ఈ అరకులోయలో దాదాపు మూడువేల అడుగుల ఎత్తున కూర్చుని ఛందస్సు చెప్పుకుంటున్నాను. బంధువులు రైలెక్కి వస్తారు. బొర్రా గుహలు, పచ్చగా విరగబూసిన వలిసె చేలు చూసి, రెండు కాఫీపొడి పొట్లాలు కట్టించుకుని, "అదృష్టవంతుడివోయ్, చల్లని చోట వున్నావు" అని దిగిపోతారు. ఆ చల్లదనం ఎంతటిదో మార్గశిరమాసంలో తెల్లవారుజామున గిన్నెలు తోమే మా ఆవిడను అడగాలి.

రెండు నెలల కిందట మొదటి సంవత్సరం విద్యార్థులకు 'మా వూరు' అని వ్యాసం ఇచ్చాను. కాగితాలు దిద్దుతూంటే ఒకచోట నా ఎర్రకలం ఆగిపోయింది. మూడో బెంచీలో చివర కూర్చునే అమ్మాయి. కొండదొరల పిల్ల. క్లాసులో పెదవి విప్పదు. ఆ అమ్మాయి ఇలా రాసింది: "మా అమ్మ చీకటితో లేచి బిందెతో ఏరు మోసుకొస్తుంది. ఏరు అయిపోతే మళ్లీ వెళుతుంది."

నాకు హుషారు పుట్టింది. మర్నాడు క్లాసులో ఆ వాక్యం పైకి చదివి, "ఏమ్మా, మీ ఇంట్లో వున్నది బిందేనా, అగస్త్యుడి కమండలమా? ఆయన కావేరిని పట్టాడు, మీ అమ్మగారు ఏకంగా ఏరునే పట్టేశారే!" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. అందులో సగం మంది కొండ మీది పిల్లలే. మాస్టారు నవ్వితే నవ్వాలి గనుక నవ్వారు. ఆ అమ్మాయి కూడా తల వంచుకుని కొంచెం నవ్వినట్టే వుంది. పదికి నాలుగు మార్కులు వేసి కాగితం చేతికిచ్చాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ ఛలోక్తిని మా ఆవిడకు వడ్డించాను. నవ్వలేదు. చారు గిన్నె కింద పెట్టి, "మీరు నవ్వించింది ఆ పిల్లనా, ఆ పిల్ల మీదా?" అంది.

"అదేమిటి?"

"నేను కాపరానికి వచ్చిన కొత్తలో 'గెడ్డలో నీళ్లు బాగున్నాయి' అన్నాను, గుర్తుందా? మీ అక్కయ్యలంతా గడ్డంలో నీళ్లేమిటని ఒకటే నవ్వులు. ఆ తరవాత నెల్లాళ్లు నేను అత్తయ్యతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. మీరది గమనించను కూడా లేదు."

మా ఆవిడది శ్రీకాకుళం వైపు. అక్కడ ఏరును గెడ్డ అంటారు. అరకులోనూ అంతే. ఆ మాట నిఘంటువులో వుందో లేదో గాని ఈ కొండల్లో ప్రతి వంపులోనూ వుంది. నేను మారు మాట్లాడకుండా మజ్జిగ పోసుకున్నాను.

మరుసటి వారం నుంచి ఆ అమ్మాయి కాలేజీకి రాలేదు. మొదటి వారం జ్వరమనుకున్నాను. రెండో వారం హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర కావాలని ఆగాను. మూడో వారానికి మూడో బెంచీ వైపు చూడటమే మానేశాను.

ఇంతలో ఏదో పనిమీద విశాఖపట్నం వెళ్లి, ఒక మిత్రుడి ఇంట్లో దిగాను. నాకున్న దురభ్యాసాల్లో ఒకటి, ఎవరింటికి వెళ్లినా ముందు పుస్తకాల బీరువా దగ్గర నిలబడటం. అక్కడ భద్రిరాజు కృష్ణమూర్తిగారి గ్రంథం కనిపించింది. కొండదొరల భాష మీద ఇంగ్లీషులో రాసి 1969లో ప్రచురించినది. ఆ భాషకు కూబి అని మరో పేరు. తెలుగు ధాతువుల మీద ఆయన రాసిన పుస్తకం విద్యార్థిగా వున్నప్పుడు పరీక్షకోసం తిరగేశాను. ఇది మాత్రం పేరు వినడమే గాని కళ్లతో చూడలేదు. అడిగి తెచ్చుకున్నాను.

తిరుగు ప్రయాణంలో కిరండూల్ రైల్లో కిటికీ దగ్గర కూర్చుని తెరిచాను. ఆ మార్గంలో సొరంగాలు 50కి పైగానే వున్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వేస్తారు, పేజీ మీద చీకటి పడుతుంది, మళ్లీ వెలుతురొస్తుంది. అలా వెలుగునీడల్లో చదువుతూంటే పదాల పట్టికలో ఒక మాట దగ్గర ఊపిరి ఆగినంత పనయింది. కూబిలో 'ఏరు' అంటే నీళ్లు!

ఆ పిల్ల ఏరును బిందెలో పట్టలేదు. వాళ్లమ్మ చక్కగా నీళ్లే మోసుకొచ్చింది. కమండలం కథ నా బుర్రలోనే వుంది.

ఇంకో విశేషం వినండి. మన తెలుగు 'ఏఱు'లో వున్నది బండి ఱ. కూబి 'ఏరు'లో వున్నది మామూలు ర. అది మన 'నీరు'కు చుట్టమంటారు పండితులు. ప్రాచీన కవులు ఈ రెండు రేఫలనూ ప్రాసలో కలిపేవారు కారు. మేము ఆ నియమాన్ని వల్లె వేసి పరీక్షలు ప్యాసయ్యాం. చెవితో ఆ తేడా విన్న తెలుగువాడు ఈనాడు లేడు. కాని కూబి మాట్లాడేవాళ్ల నోట ఆ రెండు ధ్వనులూ వేరువేరుగా నిలిచి వున్నాయని ఆ గ్రంథం చెబుతోంది. నేను నల్లబల్ల మీద సుద్దముక్కతో చూపించేది ఆ అమ్మాయి వాళ్లమ్మ నీళ్లు తోడుకుంటూ పలుకుతోందన్నమాట!

అన్నట్టు ప్రతి ఆగస్టు 29న గిడుగు రామమూర్తిగారి జయంతికి కాలేజీలో ఉపన్యాసం నాదే. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా వుంటూ సవరల భాష నేర్చుకున్నారనీ, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారనీ, 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారనీ గొంతెత్తి చెబుతాను. చప్పట్లు కొట్టేవాళ్లలో ఆ అమ్మాయి కూడా వుండే వుంటుంది. నాలుగేళ్లుగా ఈ కొండల మధ్య వుండి, నేను నేర్చుకున్న కూబి మాట ఒక్కటి లేదు. అక్కడ సీటులో కూర్చుని సిగ్గుపడ్డాను సుమండీ.

ఆదివారం మా అటెండరును వెంటబెట్టుకుని వాళ్లూరికి బయలుదేరాను. బస్సు దిగి గంట నడక. కాఫీ పళ్లు కోసే రోజులు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల మధ్య ఆడవాళ్లు ఎర్రటి పళ్లు గంపల్లోకి కోస్తున్నారు. వాళ్లలోంచి ఆ అమ్మాయి నన్ను చూసి గబగబా వచ్చింది. ముఖంలో భయం.

"ఏటయింది సార్?"

"ఏమీ కాలేదమ్మా. కాలేజీకి ఎందుకు రావటం లేదో కనుక్కుందామని."

"పళ్లకోత సార్. అమ్మ ఒక్కర్తీ చెయ్యలేదు."

నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. అయితే కారణం నేను కాదన్నమాట! ఆ సంతోషం అరనిమిషం కూడా నిలవలేదు. ఆ అమ్మాయి చేతిలోని పళ్లు గంపలో వేసి, నేలకేసి చూస్తూ, "కోత అయిపోయాక వద్దామో మానేద్దామో అనుకుంటున్నాను సార్" అంది.

నేనేదో చెప్పబోయాను. పుస్తకం సంగతి, రెండు రేఫల సంగతి, క్షమాపణ, అన్నీ ఒక్కసారే గొంతుకు అడ్డం పడ్డాయి. చివరికి "నీ మాట తప్పు కాదమ్మా, నాకు తెలియక నవ్వాను" అన్నాను.

"తెలుగులో నీళ్లు అనాలని నాకు తెలుసు సార్. అమ్మ గురించి రాస్తుంటే అమ్మ మాటే వచ్చీసింది."

ఇరవై ఏళ్లుగా సాహిత్యం చెబుతున్నాను. దానికి జవాబు నా దగ్గర లేకపోయింది.

వాళ్లమ్మ మమ్మల్ని ఇంటికి తీసుకువెళ్లి అరుగు మీద కూర్చోబెట్టింది. ఊట వున్న చోటు కింద ఎక్కడో లోయలో కనబడుతోంది. అక్కడినుంచి ఇంటిదాకా నిట్రమైన దారి. రోజుకు ఎన్నిసార్లు దిగి ఎక్కుతుందని అడిగించాను. వేళ్లు మడిచి ఆరు చూపించింది. అటువంటి ఆరింటిలో ఒక దఫా నీళ్లు రెండు గ్లాసులు మాకు పోసింది. నేను ఖాళీ గ్లాసు చాపి, సాహసించి, "ఏరు" అన్నాను. ఆవిడ కూతురికేసి చూసింది. ఇద్దరూ నవ్వారు. క్లాసులో నేను నవ్వించిన నవ్వుకూ దీనికీ తేడా నాకు తెలిసింది.

నెలాఖరుకు ఆ అమ్మాయి తిరిగి వచ్చింది. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, అదే వాక్యం క్లాసులో మళ్లీ చదివి, నా తప్పు నేను చెప్పుకున్నాను. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో చెప్పమంటే, అంతవరకు "తెలుగే సార్" అంటూ వచ్చినవాళ్లలో ఏడుగురు చేతులెత్తారు. కొందరిది కూబి, కొందరిది కువి, మిగతావాళ్లది ఆదివాసీ ఒరియా. నాలుగేళ్లుగా నా హాజరు పట్టీలో ఇన్ని భాషలు కూర్చుని వున్నాయి.

అప్పటినుంచి నాకు కొత్త వ్యాపకం పట్టుకుంది. ఒక నోటు పుస్తకం కొన్నాను. పుస్తకంలో చూసి నాలుగు మాటలు రాసుకున్నాను: ఏరు అంటే నీళ్లు, ఇలు అంటే ఇల్లు, కియు అంటే చెయ్యి, మరన్ అంటే చెట్టు. మన మ్రానును ఆ చివరి మాట పక్కన పెట్టి చూడండి, అక్కచెల్లెళ్లలా లేవూ? క్లాసు అయ్యాక ఆ అమ్మాయికి చూపించి ఒక్కొక్కటే పైకి చదివాను. రెండింటికి తల వూపింది. రెండింటికి "అలాగ్గాదు సార్" అని తాను పలికి వినిపించింది. నేను నా ఎర్రకలం అందించాను. మొహమాటపడుతూనే తీసుకుని, ఆ రెండింటి పక్కనా చిన్న గీతలు పెట్టింది.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చూపించాను. నాలుగింటికి రెండు. పదికి అయిదు లెక్క.

"మీరు వేసినదానికంటే ఒక మార్కు ఎక్కువే వేసింది, పిచ్చిపిల్ల" అంది మా ఆవిడ.