అప్పగింత తేలిక, వాపసు కష్టం

న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో మెట్రో-నార్త్ రైలెక్కితే, హడ్సన్ నది ఎడమ పక్కనే వెంట వస్తుంది. దాదాపు రెండు గంటల్లో పకిప్సీ చేరతాం. ఆ లైన్‌కి అదే ఆఖరి స్టేషన్. ఊరికి దక్షిణాన, రూట్ 9 రోడ్డు వారన ఐబీఎం ప్రాంగణం ఉంది. 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360ని లోకానికి ప్రకటించింది ఈ ఊళ్లోనే. నేటికీ బ్యాంకు ఖాతాల నుంచి విమానం టికెట్ల దాకా మోస్తున్న ఐబీఎం మెయిన్‌ఫ్రేములన్నీ ఆ వంశానివే.

నేను వెళ్లింది 2022 అక్టోబరులో. ఆ నెల 6న అధ్యక్షుడు జో బైడెన్ ఈ ప్రాంగణానికి వచ్చారు. హడ్సన్ లోయలో పదేళ్లలో 2,000 కోట్ల డాలర్లు పెడతామని ఐబీఎం ఆ రోజే ప్రకటించింది. ఊళ్లో ఎవరి నోట విన్నా ఆ మాటే. నేను వెతుక్కుంటూ వెళ్లిన సంగతి మాత్రం పత్రికలకెక్కేది కాదు. మెయిన్‌ఫ్రేములో నడిచే వర్చువల్ మెషీన్‌కి ఒక అసలు పరికరాన్ని, అంటే డిస్కునో, నెట్‌వర్క్ కార్డునో, రహస్య సంకేతాల (క్రిప్టో) కార్డునో, మధ్యవర్తి లేకుండా నేరుగా అప్పగించే డ్రైవర్ల సంగతి అది. దీన్నే పాస్‌త్రూ అంటారు.

నన్ను లోపలికి తీసుకెళ్లింది నా స్నేహితుడి కూతురు. తెనాలి అమ్మాయి. ఈ డ్రైవర్లను పరీక్షించడం ఆమె ఉద్యోగం. 1990ల చివర్లో అమీర్‌పేటలో ఎటు చూసినా మెయిన్‌ఫ్రేమ్ కోర్సుల బోర్డులు ఉండేవి. కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 నేర్చుకుని మన పిల్లలు వై2కె పనుల మీద దేశాలు పట్టి వెళ్లారు. వాళ్లు రాసింది అప్లికేషన్లు. ఈ తరం అమ్మాయి పనిచేసేది వాటి అడుగున, ఆపరేటింగ్ సిస్టమ్ యంత్రాన్ని తాకే చోట. ఆ తేడా చూడాలనే నా ఆత్రం.

“బాబాయ్, ఫోన్ ఇక్కడే పెట్టేయండి. లోపల ఫొటోలు తీయనివ్వరు,” అంటూ తలుపు తీసింది.

పరీక్షల హాల్లో మొదట తగిలేది ఫ్యాన్ల హోరు. పక్కన ఉన్న మనిషితో కూడా గొంతు పెంచి మాట్లాడాలి. నల్లటి నిలువెత్తు బీరువాల వరసలు, వాటి వెనక కట్టలుగా పసుపుపచ్చ ఫైబర్ కేబుళ్లు. ఒక బీరువా ముందు ఆగి, ఇది జెడ్16 అని చూపించింది. ఆ ఏడాదే మార్కెట్లోకి వచ్చిన మోడల్. 200 దాకా ప్రాసెసర్ కోర్లు, 40 టెరాబైట్ల దాకా మెమరీ అమర్చుకోవచ్చు. ఇంత యంత్రాన్ని ఎవరూ ఒకే కంప్యూటర్‌గా వాడరు. ముందు ఫర్మ్‌వేర్ దాన్ని 85 దాకా విభాగాలుగా పంచుతుంది. ఒక్కో విభాగంలో లినక్స్ ఎక్కించి, అందులోని కేవీఎం సాయంతో మళ్లీ ఎన్నో వర్చువల్ మెషీన్లు నడపొచ్చు. నడిపించేది హోస్ట్, అందులో నడిచేది గెస్ట్. వర్చువల్ మెషీన్ అన్న ఆలోచనకు మెయిన్‌ఫ్రేము పుట్టిల్లు. వీఎం/370ని ఐబీఎం ప్రకటించింది 1972లోనే. లినక్స్‌లోని కేవీఎం ఈ యంత్రాల మీదికి వచ్చింది 2008లో.

గెస్ట్‌కి డిస్కు కావాలంటే మామూలు పద్ధతి ఒకటుంది. హోస్ట్ ఒక ఉత్తుత్తి డిస్కుని చూపించి, గెస్ట్ అడిగిన ప్రతి పనినీ తను అందుకుని అసలు డిస్కు దగ్గర చేయించుకొస్తుంది. చాలా పనులకు ఇది చాలు. కానీ బ్యాంకు వాళ్లు పాతికేళ్లుగా వాడుతున్న డిస్కుని, దాని ప్రత్యేక సదుపాయాలన్నిటితో సహా, గెస్ట్ సొంతంగా వాడుకోవాలంటే హోస్ట్ పక్కకు తప్పుకోవాలి. అందుకోసం లినక్స్‌లో 2012లో వీఎఫ్ఐఓ అనే చట్రం వచ్చింది. దాన్ని రూపొందించింది ముఖ్యంగా నెట్‌వర్క్ కార్డుల్లాంటి పీసీఐ కార్డులను దృష్టిలో పెట్టుకుని. మెయిన్‌ఫ్రేములో పీసీఐ ఒక్కటే లేదు. 1964 నుంచి వస్తున్న చానెల్ పద్ధతి ఉంది, క్రిప్టో కార్డుల పద్ధతి ఉంది. మూడింటికీ మూడు డ్రైవర్లు కావాలి, మూడింటివీ వేర్వేరు చిక్కులు.

మేడ మీద ఆమె గదికి వెళ్లాక అసలు పని చూశాను. తెర మీద నల్లటి టెర్మినల్, పక్కన కాఫీ కప్పు. చానెల్ డిస్కుతో మొదలుపెట్టింది. మెయిన్‌ఫ్రేములో ప్రతి చానెల్ పరికరానికీ సబ్‌చానెల్ అని ఒకటుంటుంది. ఆ సబ్‌చానెల్‌ని హోస్ట్ మామూలు డ్రైవర్ నుంచి విడదీసి వీఎఫ్ఐఓ-సీసీడబ్ల్యూ డ్రైవర్‌కి కట్టింది. ఒక గుర్తింపు సంఖ్య రాసి గెస్ట్‌ని లేపింది. క్షణాల్లో గెస్ట్ లోపల ఆ డిస్కు ప్రత్యక్షమైంది. చూడటానికి ఇంతే. లోపల జరిగేది ఆమె కాగితం మీద గీసి చెప్పింది.

చానెల్ పద్ధతిలో ప్రాసెసర్ డిస్కుతో మాట మాటకీ మాట్లాడదు. చేయాల్సిన పనులన్నీ వరసగా రాసి, ఒక చానెల్ ప్రోగ్రామ్‌గా అప్పగించి తన పనిలో తను పడిపోతుంది. ఒక్కో ఆదేశం 8 బైట్లు: ఏం చేయాలి, ఎన్ని బైట్లు, మెమరీలో ఏ చిరునామా. చిక్కంతా ఆ చిరునామాతోనే. గెస్ట్ రాసింది తన లెక్కలోని చిరునామా. అసలు యంత్రంలో ఆ చోట మరొకరి డేటా ఉండొచ్చు. పీసీఐ కార్డులకైతే చిరునామాలు మార్చిపెట్టే హార్డ్‌వేర్ ఉంది. చానెల్ పరికరాలకు అది లేదు. అందుకని గెస్ట్ “మొదలుపెట్టు” అనగానే డ్రైవర్ ఆ ప్రోగ్రామ్ మొత్తాన్ని చదివి, నకలు తీసి, ప్రతి చిరునామానూ అసలు చిరునామాగా మారుస్తుంది. ఆ మెమరీ పేజీలు పని మధ్యలో కదిలిపోకుండా బిగించి ఉంచుతుంది. ఆ నకలునే డిస్కుకి పంపుతుంది. పని అయ్యాక ఫలితంలోని చిరునామాలను మళ్లీ గెస్ట్ లెక్కలోకి తిప్పి అందిస్తుంది.

ఈ డ్రైవర్ 2017లో లినక్స్ 4.12తో వచ్చింది. వచ్చిన రోజున దానికి చేతకానివి చాలా ఉండేవి. నడుస్తూ నడుస్తూ తన తర్వాతి ఆదేశాలను తనే మెమరీలోకి చదువుకునే ప్రోగ్రాములు కొన్నుంటాయి. యంత్రాన్ని బూట్ చేసేవి అలాంటివే. ముందే నకలు తీస్తే అవి నడవవు. పాస్‌త్రూ డిస్కు నుంచి గెస్ట్ బూట్ కావడానికి 2019లో గానీ దారి దొరకలేదు. ఇరుక్కుపోయిన పనిని ఆపమని గెస్ట్ ఇచ్చే ఆజ్ఞ కూడా మొదట్లో అసలు డిస్కు దాకా చేరేది కాదు. ఆ దారి 2019 జులైలో, 5.2తో పడింది. డిస్కుకి పోయే కేబుల్ ఊడితే గెస్ట్‌కి కబురందే ఏర్పాటు 2020లో, 5.8తో వచ్చింది. చానెల్ డ్రైవర్ ఇలా ఒక్కో అడుగు వేస్తూ పెద్దదైంది.

పీసీఐ దగ్గర చిక్కు వేగానిది. ఈ యంత్రంలో పీసీఐ కార్డుతో మాట్లాడటానికి ప్రాసెసర్‌లో ప్రత్యేక ఆదేశాలున్నాయి. గెస్ట్ అలాంటి ఒక్క ఆదేశం ఇచ్చినా, ప్రాసెసర్ గెస్ట్‌ని ఆపి, హోస్ట్ కెర్నల్‌కి, అక్కణ్నుంచి క్యూఈఎంయూ అనే ప్రోగ్రామ్‌కి చెప్పి, వాళ్లు ఆ పని చేసిపెట్టాక మళ్లీ గెస్ట్‌ని నడిపించేది. పేరుకి నేరుగా అప్పగించినట్టే ఉన్నా, అడుగడుగునా మధ్యవర్తి ఉన్నట్టే. నేను వెళ్లేటప్పటికి కొద్ది రోజుల ముందు, అక్టోబరు 2న విడుదలైన లినక్స్ 6.0లో ఇది మారింది. గెస్ట్ ఇచ్చే ముఖ్యమైన పీసీఐ ఆదేశాలను ఇక మీదట యంత్రమే అర్థం చేసుకుని నేరుగా కార్డుకి చేరుస్తుంది. కార్డు పంపే అంతరాయ సంకేతాలు కూడా తిన్నగా గెస్ట్‌కే వెళతాయి. క్యూఈఎంయూ వైపు రావాల్సిన మార్పులు ఆ డిసెంబరులో 7.2తో వచ్చాయి.

ఆమె ముఖంలో సంతోషం దాగలేదు. అయినా వెంటనే మిగిలిన పని గురించే చెప్పింది. గెస్ట్ తన చిరునామా పట్టికలు మార్చిన ప్రతిసారీ ఆ మార్పులు అప్పటికి ఇంకా క్యూఈఎంయూ చేతి మీదుగానే సాగేవి. ఆ మార్గంలో ఒకేసారి ఉంచగల మ్యాపింగులకు మామూలుగా 65,535 అనే హద్దు. వేగంగా పనిచేసే నెట్‌వర్క్ కార్డులు ఆ హద్దుని తాకగలవు. “అది కూడా తీరిస్తే గానీ పూర్తయినట్టు కాదు బాబాయ్,” అంది.

మూడోది క్రిప్టో కార్డు. ఎవరైనా విప్పి చూడబోతే లోపలి తాళం చెవులను తనే చెరిపేసుకునే కార్డు అది. జెడ్16లో ఒక్కో కార్డుని 85 దాకా డొమైన్లుగా పంచొచ్చు. ఒక కార్డు, ఒక డొమైన్ కలిస్తే ఒక క్యూ. గెస్ట్‌కి రెండు కార్డులు, రెండు డొమైన్లు ఇస్తే నాలుగు క్యూలు దఖలుపడతాయి. ఒకే క్యూ ఇద్దరు గెస్టులకు ఎన్నడూ పోకూడదు. 2018 డిసెంబరులో, 4.20తో వచ్చిన వీఎఫ్ఐఓ-ఏపీ డ్రైవర్ చేసేది ముఖ్యంగా ఆ పంపకం, కాపలా. గెస్ట్ క్యూలో వేసే సందేశాలను ప్రాసెసరే నేరుగా చేరుస్తుంది. హోస్ట్ చూడను కూడా చూడదు. నడుస్తున్న గెస్ట్‌కి క్యూలు చేర్చడం, తీసేయడం నేను వెళ్లిన ఏడాదే సాధ్యమైంది.

“మరి క్యూ ఒకరి దగ్గర తీసుకుని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు?” అని అడిగాను.

“అడగాల్సింది అదే,” అంది. ఆ తర్వాత గంటసేపు ఆమె చెప్పిందంతా వాపసు గురించే. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకు తెలుసు: తాళం చెవి ఇవ్వడం ఒక్క నిమిషం పని, ఖాళీ చేశాక ఇంకెవరి దగ్గరా మారు తాళం లేదని తేల్చుకుని, గదులు కడిగి, తర్వాతివాళ్లకు ఇవ్వడమే అసలు పని. క్రిప్టో క్యూని వెనక్కి తీసుకునేటప్పుడు డ్రైవర్ దాన్ని రీసెట్ చేస్తుంది. పాత గెస్ట్ అడిగినవి, అందుకోని జవాబులు అన్నీ తుడిచేసి, క్యూ ఖాళీ అయిందని నిర్ధారించుకుని గానీ వదలదు. ఒక్క జవాబు మిగిలిపోయి తర్వాతి గెస్ట్ చేతిలో పడితే, ఒక బ్యాంకు గుట్టు ఇంకో బ్యాంకు ముందు పరిచినట్టే.

అప్పుడు నాకొక పరీక్ష చూపించింది. గెస్ట్ చేత డిస్కుకి ఎడతెరిపి లేకుండా రాయిస్తూ, పని మధ్యలో గెస్ట్‌ని చంపేసింది. చెప్పాపెట్టకుండా, ఒక్క కమాండ్‌తో. గెస్ట్ పోయింది. కానీ డిస్కుకి ఆ సంగతి తెలియదు. తనకిచ్చిన చానెల్ ప్రోగ్రామ్‌ని అది ఇంకా నడుపుతూనే ఉంటుంది. చదివే పని అయితే, చనిపోయిన గెస్ట్ మెమరీలోకి డేటా పోస్తూనే ఉంటుంది. ఆ క్షణంలో డ్రైవర్ తొందరపడి పేజీల బిగింపు వదిలేస్తే, హోస్ట్ వాటిని మరో ప్రోగ్రామ్‌కి ఇచ్చేస్తుంది. డిస్కు పోసే బైట్లు ఆ కొత్త ప్రోగ్రామ్ డేటాని చెరిపేస్తాయి. తప్పు బయటపడేది ఎప్పుడో, ఎక్కడో. దాని మూలం ఇక్కడుందని ఎవరూ కనుక్కోలేరు.

అందుకే డ్రైవర్ మూడు మెట్లు దిగుతుంది. పని ఇంకా మొదలుకాకపోతే రద్దు చేస్తుంది. మొదలైతే ఆగమంటుంది. అప్పటికీ ఆగకపోతే సబ్‌చానెల్‌నే తుడిచేస్తుంది. పని పూర్తిగా ఆగిందని పరికరం నుంచి సంకేతం వచ్చేదాకా ఎదురుచూసి, ఆ తర్వాతే పేజీలు వదులుతుంది. ఆ సంకేతాలన్నీ ఆమె తెర మీద ఒక్కొక్కటే చూపించింది. గెస్ట్‌ని మళ్లీ లేపింది, మళ్లీ చంపింది. ఈసారి ఇంకో క్షణంలో, నకలు తీస్తుండగా. యంత్రం ప్రతిసారీ నిలబడింది. ఇలాంటి చావులు రాత్రంతా వరసగా జరిపించే స్క్రిప్టులు ఉన్నాయట.

ఈ డ్రైవర్లకు వచ్చిన మెరుగుదలల చరిత్ర చూస్తే నాకు ఒకటే కనిపించింది. పరికరం గెస్ట్‌లో కనిపించే ఘట్టం మొదటి విడుదలలోనే అయిపోయింది. ఆ తర్వాత ఏళ్లు పట్టిన పనిలో వేగం ఒక పాలు. మిగతాదాంట్లో చాలా భాగం ఆపడం గురించి, ఊడిపోవడం గురించి, వెనక్కి తీసుకోవడం గురించి. యంత్రం మీద నమ్మకం నిలబడేది అక్కడ. మెయిన్‌ఫ్రేములో డబ్బు దాచుకున్న కోట్లమందికి ఈ డ్రైవర్ల పేర్లు కూడా తెలియవు. వాళ్ల సొమ్ము భద్రంగా ఉండటంలో, నడుమ తెగిపోయిన పనిని ఒద్దికగా ముగించే ఈ కొన్ని వందల లైన్ల కోడ్‌కి వాటా ఉంది.

ఇదేమీ తలుపుల వెనక దాచిన విద్య కాదు. ఈ మూడు డ్రైవర్లూ లినక్స్ కెర్నల్‌లో అందరికీ కనిపించేలా ఉన్నాయి. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో వివరంతో సహా రికార్డు ఉంది. మన ఇంట్లో మామూలు ల్యాప్‌టాప్ మీదే మెయిన్‌ఫ్రేము కోసం కెర్నల్‌ని కంపైల్ చేసుకోవచ్చు. క్యూఈఎంయూలో మెయిన్‌ఫ్రేముని అనుకరించి దాన్ని బూట్ చేసి చూడొచ్చు. వేగం ఉండదు, నేర్చుకోవడానికి సరిపోతుంది. అసలు యంత్రం మీదే చేయి పెట్టాలనుకునే విద్యార్థులకు లినక్స్‌వన్ కమ్యూనిటీ క్లౌడ్ అనే సేవ కొంతకాలం పాటు ఉచితంగా ఒక వర్చువల్ మెషీన్ ఇస్తుంది. గుంటూరులో కూర్చుని కూడా ఆ తలుపు తట్టొచ్చు.

“మా ఊరి పిల్లలకు ఏం చెప్పమంటావమ్మా?” అని అడిగితే ఆమె క్షణం ఆలోచించింది. “కొత్త ఫీచర్ రాయడంతో మొదలుపెట్టొద్దనండి. ఏదైనా ఒక డ్రైవర్ తీసుకుని, అందులో పరికరాన్ని వదిలేసే ఫంక్షన్ చదవమనండి. మధ్యలో కరెంటు పోతే, గెస్ట్ చచ్చిపోతే, కేబుల్ ఊడితే ఏమవుతుందో కాగితం మీద రాయమనండి. ఎక్కడ రాయలేకపోతే, వాళ్లు చేయాల్సిన పని అక్కడుంది,” అంది.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రోగ్రామ్ నడిస్తే మార్కులు పడతాయి. మధ్యలో చంపితే అది ఏం చేస్తుందని ఎవరూ అడగరు. ల్యాబ్ పరీక్షలో ఆ ఒక్క ప్రశ్న చేర్చాలని మన అధ్యాపకులను కోరుతున్నాను. అందుకు పెద్ద యంత్రం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. తీసుకున్నది తీసుకున్నట్టు అప్పగించే కోడ్ రాయడం అలవాటైన పిల్లలకు మెయిన్‌ఫ్రేమైనా, మరేదైనా, ఏ యంత్రాన్నైనా నమ్మి చేతికివ్వొచ్చు.