సార్ రాలేదా?

గుంటూరులో మా నాన్న ఇల్లు కట్టించేటప్పుడు ఆయనకి జ్వరమొస్తే సిమెంటు కొట్టుకి నేను వెళ్ళాను. అప్పుడు ఎమ్మెస్సీ చదువుతున్నాను. బస్తా ఎంత అని అడిగితే కొట్టాయన నా వెనక గుమ్మం వైపు చూసి "నాన్నగారు రాలేదామ్మా?" అన్నాడు. పెళ్ళయ్యాక ఆ మాట "సార్ రాలేదా?" అయింది. స్కూటర్ రిపేరుకి వెళ్ళినా, బ్యాంకులో లోను సంగతి అడిగినా, ఇన్వర్టర్ కొనబోయినా అదే ప్రశ్న. చీరల కొట్లో మాత్రం ఎవరూ అలా అడగరు. పరుపు మీద కూర్చోబెట్టి, కూల్‌డ్రింకు తెప్పించి, నలభై చీరలు విప్పి చూపిస్తారు. కొనకుండా లేచినా "మళ్ళీ రండమ్మా" అంటారు. అంటే కొట్లవాళ్ళకి మర్యాద తెలీక కాదు. ఏ వస్తువు మీద ఎవరికి అధికారం ఉందో వాళ్ళకో లెక్క ఉంది. ఎవరితో మాట్లాడాలో, ఎవరికి కుర్చీ వెయ్యాలో ఆ లెక్కే చెప్తుంది.

ఇదంతా నాకు టెక్సాస్‌లో ఓ చిన్న తుపాకుల కొట్లో నిలబడి ఉండగా గుర్తొచ్చింది.

మేం డాలస్‌కి ఉత్తరాన ఉంటాం. నాలుగేళ్ళ క్రితం మా వీధికి దగ్గర్లో రెండు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో దొంగలు పడ్డారు. రెండిళ్ళవాళ్ళూ ఒకే పెళ్ళికి వెళ్ళారు. వేరే ఏ సామానూ ముట్టుకోకుండా బంగారం మాత్రమే తీసుకుపోయారు. ఆ వారమంతా మా పాట్‌లక్‌లలో ఇదే చర్చ. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపినప్పటి నుంచీ మా మగవాళ్ళ మాటల్లో తుపాకీ వచ్చి పోతూనే ఉంది. ఈసారి అది గట్టిగా వచ్చింది. మా ఆయన సోమవారం పొద్దున విమానం ఎక్కితే గురువారం రాత్రికి గానీ ఇంటికి రారు. "నేను లేనప్పుడు నువ్వూ పాపా ఒంటరిగా ఉంటారు. ఇక లాభం లేదు, కొనాల్సిందే" అన్నారు. నేను వద్దనలేదు. కావాలనీ అనలేదు. నన్ను అడగలేదు కూడా.

ఆ శనివారం వెళ్ళాం. డోనట్ల షాపుకీ లాండ్రీకీ మధ్య చిన్న కొట్టు. తలుపు తీస్తే గంట మోగింది. గాజు అరల్లో పిస్తోళ్ళు, గోడకి పొడుగు తుపాకులు, కౌంటర్ వెనక అరవై దాటిన యజమాని. టోపీ పెట్టుకున్నాడు, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది. మా ఆయనకి చెయ్యి అందించాడు. నాకు తల ఊపాడు. తర్వాత నలభై నిమిషాలు వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. నన్ను రెండే సార్లు పట్టించుకున్నాడు. ఒకసారి నవ్వుతూ గులాబీరంగు పిడి ఉన్న చిన్న రివాల్వర్ తీసి "ఆడవాళ్ళు ఇది ఇష్టపడతారు" అన్నాడు. నాతో కాదు, మా ఆయనతో. రెండోసారి నేను ఓ అరని ఆనుకుని నిలబడితే గాజు మీద చేతులు వెయ్యొద్దన్నాడు. పదివేల మైళ్ళు వచ్చినా సిమెంటు కొట్టాయన నన్ను వదల్లేదు కదా అనుకున్నాను.

మా ఆయన ఓ పిస్తోలు ఎంచుకున్నారు. యజమాని డ్రైవింగ్ లైసెన్సు అడిగాడు. అందులో మా పాత అపార్ట్‌మెంట్ అడ్రసుంది. ఇల్లు కొన్నాక మార్పించుకోలేదు. ఇప్పుడుంటున్న అడ్రసుతో ప్రభుత్వం ఇచ్చిన కాగితం మరొకటి ఉందా అంటే లేదు. నా లైసెన్సులో మాత్రం కొత్త అడ్రసే ఉంది. "అయితే ఈవిడ పేరు మీద రాసేయండి" అన్నారు మా ఆయన. రేషన్ కార్డులో పేరెక్కించమన్నంత తేలిగ్గా అన్నారు. నేనూ బ్యాగులోంచి లైసెన్సూ గ్రీన్ కార్డూ తీసి గాజు మీద పెట్టాను. చెప్పినచోట సంతకం పెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

యజమాని పిస్తోలుని డబ్బాలో పెట్టి మూత వేశాడు. "ఇవాళ అమ్మను" అన్నాడు.

అక్కడ తుపాకీ కొనేవాళ్ళు 4473 నంబరు ఫారం నింపాలి. పేరు, పుట్టిన దేశం, ఎత్తు, బరువు, జాతి అన్నీ రాయాలి. నిజంగా కొంటున్నది మీరేనా అన్న ప్రశ్న కూడా అందులో ఉంటుంది. ఒకరి కోసం ఇంకొకరు తమ పేరు మీద కొనడం ఫెడరల్ నేరం. యజమాని ఆ ప్రశ్న మీద వేలు పెట్టి చూపించాడు. "మీరు వచ్చినప్పటి నుంచీ ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆవిడకి కావాలంటే ఆవిణ్ణే రమ్మనండి, ఒంటరిగా" అన్నాడు.

కారులో మా ఆయన స్టీరింగ్ మీద కొడుతూ "మన రంగు చూసి అమ్మలేదు వాడు" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. మా ముందు వచ్చిన తెల్లాయన పది నిమిషాల్లో డబ్బా పట్టుకుని వెళ్ళిపోవడం నేను చూశాను. ఆయన కాగితాలు సరిగ్గానే ఉండి ఉంటాయి. అయినా ఆ అనుమానం ఉత్తదని చెప్పలేను, ఇప్పటికీ. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తుంటే ఇంకో మాట ముల్లులా గుచ్చుకుంది. ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నా మౌనాన్ని గమనించినవాడు నన్ను అవమానించినట్టా, గౌరవించినట్టా?

మా తాతగారింట్లో జంట గొట్టాల తుపాకీ ఉండేది. కొండ దిగి చేలో పడే అడవిపందుల కోసమని లైసెన్సు తీసుకున్నారు. ఎలక్షన్లొస్తే స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. దసరాకి ఆయుధపూజ నాడు దాన్ని గోడ మీంచి దించితే అమ్మమ్మ పసుపు రాసి బొట్టు పెట్టేది. కత్తిపీటకీ, కొడవలికీ, తుపాకీకీ ఒకే బొట్టు. పూజయ్యాక కత్తిపీట ఆమె చేతికి తిరిగొచ్చేది, తుపాకీ గోడెక్కేది. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చినప్పుడు సీలింగుకి భయపడి మా వైపు చాలామంది పొలాల్ని పెళ్ళయిన కూతుళ్ళ పేర్ల మీదికి మార్చారు. మా అమ్మ పేరు మీదా నాలుగెకరాలు రాశారు. ఆ పొలం ఎటువైపుందో అమ్మకి తెలీదు. శిస్తు కట్టిందీ, పంట అమ్ముకున్నదీ మావయ్యలే. తర్వాత అమ్మేటప్పుడు మళ్ళీ అమ్మ సంతకమే కావాల్సొచ్చింది. పంచాయతీల్లో ఆడవాళ్ళకి సీట్లు కేటాయించాక సర్పంచి గారి భర్త కుర్చీలో కూర్చుని, సర్పంచి గారు సంతకాలు పెట్టడం మనకి తెలియందా! పేరు మనది, పెత్తనం వాళ్ళది. ఆ శనివారం నేను గాజు మీద పెట్టిన లైసెన్సూ ఆ వరసలోదే. పొలాలు, పదవులు అయ్యాక ఇప్పుడు పిస్తోలు.

మంగళవారం పాపని బడిలో దింపి ఒక్కదాన్నే వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అప్పుడు నాకే సరిగ్గా తెలీదు. కోపంతోనే అనుకుంటాను. నా డబ్బు, నా కాగితాలు, అమ్మడేం అని.

యజమాని మారలేదు. "హనీ" అనే పిలిచాడు. మళ్ళీ ఆ గులాబీరంగుదే తీశాడు. "అది వద్దు, ఇది చూపించండి" అని వేలు పెట్టి చూపించాను. నిజంగా అదే వేలు, అదే గాజు. ఈసారి ఏమీ అనలేదు. తూటాలు లేవని ముందు తను చూసుకుని, నాకు చూపించి, చేతిలో పెట్టాడు. అనుకున్న దానికన్నా బరువుంది. గొట్టం ఎటు తిప్పి పట్టుకోవాలో, వేలు ఎక్కడ ఉంచాలో చెప్పాడు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఇంట్లో పిల్లలున్నారా? ఎక్కడ పెడతారు? తాళం ఎవరి దగ్గరుంటుంది? నేను జవాబులు చెప్తున్నాను. అతను గుడ్డతో గాజు తుడుస్తూ, తలెత్తకుండానే, మిగతావి అడిగిన గొంతుతోనే ఇంకొకటి అడిగాడు.

"ఇంట్లో మీరు భయపడే మనిషి ఎవరైనా ఉన్నారా?"

మా ఇంటి హాల్లో వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ ఉంది. ఇండియన్ గ్రోసరీ షాపువాళ్ళు ఏటా ఇచ్చేది. అది ఉండాల్సిన చోటుకన్నా కాస్త కిందికి ఉంటుంది. వచ్చినవాళ్ళు "ఇంత కిందికి పెట్టారేంటి?" అంటే "పాపకి అందాలని" అంటాను. దాని వెనక షీట్‌రాక్ గోడకి పిడికిలంత కన్నం ఉంది. మా ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఈ మాట నాకు నేను వందసార్లు చెప్పుకున్నాను. రిమోట్ విసిరారు, ఫోన్ పగలగొట్టారు, ఒకసారి గోడని గుద్దారు. నా చెవికి జానెడు పక్కన. తర్వాత ఏడ్చారు కూడా. మంచివారే, కోపం ఒక్కటే అని మా అమ్మతో నేనే అన్నాను.

నేను జవాబు చెప్పలేదు. పిస్తోలుని గాజు మీద పెట్టేశాను. యజమాని దాన్ని తీసి అరలో పెట్టి తాళం వేశాడు. "తొందరేం లేదు" అన్నాడు. అంతే. సలహా చెప్పలేదు, జాలి చూపించలేదు. తలుపు గంట మోగుతుంటే బయటికొచ్చి కార్లో చాలాసేపు కూర్చుండిపోయాను.

తర్వాత నేను చదువుకున్నవి కొన్ని చెప్పాలి. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, హింసించే మగవాడికి తుపాకీ అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకి గురయ్యే ప్రమాదం సుమారు 5 రెట్లు పెరుగుతుంది. దొంగ కోసం కొన్న తుపాకీకి దొంగెవరో తెలీదు కదా. న్యూ హాంప్‌షైర్‌లో 2009లో ఒకే కొట్లో వారం లోపల ముగ్గురు తుపాకులు కొని, కొన్న కొన్ని గంటల్లోనే ఆత్మహత్య చేసుకున్నారు. ఆ తర్వాత అక్కడి కొట్లవాళ్ళూ, ప్రజారోగ్యం మీద పనిచేసేవాళ్ళూ కలిసి, కొనడానికొచ్చిన మనిషిని ఎలా గమనించాలో, ఎప్పుడు అమ్మకూడదో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మా కొట్టాయన ఆ ప్రశ్న అక్కణ్ణించి నేర్చుకున్నాడో, తన అనుభవం మీద అడిగాడో నాకు తెలీదు. కానీ కౌంటర్ వెనకున్న మనిషి ఒక ప్రాణానికి ఎంత దగ్గరగా ఉంటాడో అర్థమైంది.

అతన్ని గొప్పవాణ్ణి చెయ్యడం లేదు. రోజూ ఎందరికో అమ్ముతాడు. వాళ్ళ ఇళ్ళల్లో ఏ గోడలకి ఏ కన్నాలున్నాయో అతనికేం తెలుసు? చట్టమూ అంతే. గృహహింస నేరం రుజువైనవాళ్ళు తుపాకీ ఉంచుకోకూడదని 1996లో ఫెడరల్ చట్టం చేశారు. కోర్టు నిషేధపుటుత్తర్వు ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదన్న నియమాన్ని 2024లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. మంచిదే. కానీ నేరం రుజువు కావాలంటే ముందు ఎవరో ఒకరు 911కి ఫోన్ చెయ్యాలి. డిపెండెంట్ వీసా మీదున్న మన అమ్మాయిలు ఎంతమంది చెయ్యగలరు? భర్త అరెస్టయితే ఉద్యోగం, ఉద్యోగం పోతే వీసా, వీసా పోతే పిల్లల బడి. శ్రీనివాస్ చనిపోయాక ఆయన భార్య సునయనకి ఈ దేశంలో ఉండే హక్కే ప్రశ్నార్థకమైంది. భర్తతో ముడిపెట్టిన బతుకు అంతే. అందుకే ఫోన్లు వెళ్ళవు, కేసులుండవు. మా ఆయన ఆ ఫారం నింపితే నేరాల గురించిన ప్రశ్నలన్నిటికీ 'కాదు' అని రాయగలరు. ఒక్క అబద్ధం కూడా ఉండదు.

ఆ గురువారం ఆయన వచ్చేసరికి క్యాలెండర్ తీసి బల్ల మీద పెట్టాను. బూట్లు విప్పుతూ గోడ చూశారు. "ఇదేంటి?" అన్నారు.

"తుపాకీ కొనాలంటే ముందు మీరు ఈ కన్నం పూడ్చండి. ఎందుకు పడిందో పాపకి మీరే చెప్పండి. తర్వాత మాట్లాడదాం" అన్నాను. నా గొంతు వణికింది. ఆయన చెయ్యి వైపు చూస్తూనే అన్నాను. అలా చూశానన్న సంగతి ఆయనకీ తెలిసింది. ఏమీ విసరలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు.

మూడు వారాలు ఆ కన్నం అలాగే ఉంది. వచ్చినవాళ్ళు చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. నాలుగో వారం ఆయనే ప్యాచ్ తెచ్చి అతికించారు. రంగు కలవలేదు. కౌన్సెలింగ్‌కి నాలుగుసార్లు వెళ్ళి మానేశారు. మళ్ళీ వెళ్తానంటున్నారు. లైసెన్సులో అడ్రసు మార్పించుకున్నారు. అంటే ఏ శనివారమైనా ఆయన ఆ గంట మోగించొచ్చు. ఇంతవరకూ మోగించలేదు. నా పాస్‌పోర్టు, పాప కాగితాలు, కొంత డబ్బు నా స్నేహితురాలింట్లో పెట్టాను. పెట్టానని ఆయనకి చెప్పాను కూడా.

డోనట్ల కోసం పాప పేచీ పెడితే ఆ కొట్టు పక్కనే కారాపుతాను. లోపలికి మళ్ళీ వెళ్ళలేదు. గాజు మీద చెయ్యి వెయ్యొద్దన్నందుకు నాకింకా కోపముంది. ఆ గులాబీరంగుకీ ఉంది. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఈ దేశానికొచ్చి పదిహేడేళ్ళయింది. ఉగాదులు, బతుకమ్మలు, తానా సభలు, ఎన్నో శనివారాల పాట్‌లక్‌లు, ప్రతి ఆదివారం ఇండియాకి ఫోన్లు. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. కలిసిన ప్రతిసారీ మేం అడుగుకునేది ఒకటే. "మీవారు బావున్నారా? రాలేదా?"