మా అమ్మాయి ఇంటి బీమా పత్రం

చాలాకాలం తరువాత రాస్తున్న టపా ఇది. విషయం సాహిత్యం కాదు. అయినా చదవడం గురించే గనుక ఈ పుటలో చోటిస్తున్నాను.

2024 ఆగస్టులో నేనూ మా శ్రీమతీ కాలిఫోర్నియాలో ఉన్నాం. శాక్రమెంటోకు తూర్పున, కొండలు మొదలయ్యే చోట ఎల్ డొరాడో హిల్స్ అనే ఊళ్ళో మా అమ్మాయీ అల్లుడూ కాపురముంటున్నారు. ఒకనాడు ఇంటి బీమా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. గడువు తీరిన పిమ్మట పాలసీని కొనసాగించబోమని దాని సారాంశం. కారణాలు రెండు చెప్పారు: ఇల్లు కార్చిచ్చు భయమున్న ప్రాంతంలో ఉన్నది, గోడను ఆనుకొని మొక్కలున్నవి. రెండవదానికి ఆకాశం నుంచి తీసిన ఛాయాచిత్రం ఆధారమట.

ఆ మొక్కలేమిటో మా అందరికీ తెలుసు. అంతకు ఐదేళ్ళ క్రితం వచ్చినప్పుడు వంటగది గోడకు చెక్కపందిరి కట్టించి మా శ్రీమతి పాకించిన జాజితీగ. "నా మూలాన వచ్చిందా అమ్మా ఇదంతా?" అన్నది ఆవిడ. ఈ వీథిలో చాలామందికి ఇటువంటి ఉత్తరాలే వచ్చాయని అమ్మాయి ఎంత చెప్పినా ఆవిడ మనసుకు సమాధానం కలుగలేదు.

కంపెనీల పక్షాన చెప్పవలసినదీ ఉన్నది. 2018 నవంబరులో పారడైజ్ అనే ఊరు దాదాపు పూర్తిగా దగ్ధమై 85 మంది మరణించారు. 2021 ఆగస్టులో మా అమ్మాయి వాళ్ళ జిల్లాలోనే కాల్డర్ కార్చిచ్చుకు గ్రిజ్లీ ఫ్లాట్స్ అనే పల్లె బూడిదయింది. కట్టుబడి ఖర్చులు పెరిగాయి. బీమా కంపెనీలు తమకు తాము చేయించుకునే బీమా ఖరీదూ పెరిగింది. అక్కడ 1988లో ప్రజలు ఓటు వేసి తెచ్చుకున్న 103వ ప్రతిపాదన అనే చట్టం ప్రకారం, రాష్ట్ర బీమా కమిషనరు ముందుగా ఆమోదించనిదే రేట్లు పెంచరాదు. కోరిన రేటు కోరినప్పుడు దొరకదు గనుక ఇళ్ళనే వదులుకోవడం మొదలుపెట్టారు. 2023 మే నెలలో స్టేట్ ఫార్మ్ ఆ రాష్ట్రంలో కొత్త ఇంటి పాలసీలు తీసుకోవడం ఆపివేసింది. ఇదంతా అర్థం చేసుకోగలను. కాని ఏళ్ళ తరబడి ఒక్క క్లెయిమైనా చేయకుండా డబ్బు కట్టినవారికి రెండు వాక్యాల ఉత్తరం పంపే తీరు మాత్రం నాకు మింగుడుపడలేదు.

అల్లుడికి ఆఫీసు పని తెమలదు. "ఆ పాలసీ కాగితాలు ఒకసారి నాకు ఇవ్వు బాబూ" అన్నాను. నలభై పుటలకు పైబడిన ఆంగ్లం. నాకు ఆంగ్లంలో ప్రవేశం అంతంతమాత్రం. అయితే ముప్ఫైరెండేళ్ళు వ్యాకరణం చెప్పినవాణ్ణి. రెండు రోజులు కూర్చునేసరికి అది నాకు పరిచయమైన శాస్త్రంలాగే కనిపించసాగింది. ముందు సంజ్ఞాపరిచ్ఛేదం: ఏ మాటకు ఏ అర్థమో అక్కడ చెప్పినదే ప్రమాణం, లోకంలోని అర్థం చెల్లదు. పిమ్మట ఉత్సర్గం: ఇవి చెల్లిస్తాము. ఆపైన అపవాదాలు: ఇవి తప్ప. అపవాదం ఉత్సర్గాన్ని బాధిస్తుందని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! పాలసీ కొనేవారు ఉత్సర్గం దగ్గరే ఆగిపోతారు.

'షల్' అన్నచోట నిత్యం, 'మే' అన్నచోట వైకల్పికం. మనకు ఉత్వసంధి నిత్యం, ఇత్వసంధి వైకల్పికం అన్నట్టే. మన వికల్పం కవి ఇష్టం, ఇక్కడి వికల్పం చాలాచోట్ల కంపెనీ ఇష్టం. మరొక చమత్కారం. వాళ్ళ భాషలో 'మనం', 'మేము' రెంటికీ ఒకటే మాట. ప్రకటనల్లో అది 'మనం' అని వినిపిస్తుంది. పాలసీలో దానికి 'మేము' అని నిర్వచనం.

అపవాదాలకూ అపవాదాలున్నవని చదివినకొద్దీ తెలిసింది. పాలసీలో ఒక మాటకు రెండర్థాలు పొసగి, సందేహం తీరకపోతే, రాసినవారికి ప్రతికూలంగా అర్థం చెప్పాలన్నది అక్కడి న్యాయసూత్రం. పాలసీని కొనసాగించబోమని 75 రోజుల ముందే తెలియజేయాలి, కారణం చెప్పాలి. గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించిన కార్చిచ్చు ప్రాంతంలోనూ, దాన్ని ఆనుకున్న ప్రాంతాల్లోనూ ఒక ఏడాదిపాటు కార్చిచ్చు భయం చూపి పాలసీలు ఆపరాదు (2018 నాటి చట్టం. మా వాళ్ళకు అప్పటికి వర్తించలేదు). 2022లో వచ్చిన నిబంధన ప్రకారం, ఇంటికి కార్చిచ్చు ప్రమాదపు 'స్కోరు' కట్టే కంపెనీ ఆ అంకె ఎంతో ఇంటివారికి చెప్పాలి. అది తప్పని తోస్తే అప్పీలు చేసుకోనివ్వాలి. ఇల్లు భద్రపరచుకుంటే రేటులో తగ్గింపు ఇవ్వాలి.

అమ్మాయి చేత స్కోరు అడిగించాను. ఫోను వద్దు, కాగితం మీదనే అడుగమన్నాను. మాట గాలికి పోతుంది, అక్షరం నిలుస్తుంది గదా.

ఇంతలో సెప్టెంబరు మొదటి వారం. బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళు మునిగిన దృశ్యాలు ఫోనులో చూస్తూ మా శ్రీమతి అడిగింది: "ఏమండీ, తెనాలిలో మన ఇంటికి బీమా ఉందా?" లేదు. బ్యాంకు అప్పు ఉన్నన్నాళ్ళు బ్యాంకువారే చేయించారు. అప్పు తీరిన నాడే ఆ ధ్యాసా తీరింది. అల్లుడి పత్రానికి అర్థతాత్పర్యాలు రాస్తున్న పండితుడి ఇంటికి పాలసీ లేదు! మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహరక్ష' అని అన్ని కంపెనీలూ ఒకే వాచకంతో ఇవ్వవలసిన పాలసీ ఉన్నది. అగ్నితోపాటు వరద, తుఫాను, భూకంపం అందులోనే వస్తాయి. ఇంటి విలువ తక్కువగా రాయించారన్న సాకుతో నష్టపరిహారంలో ఆ నిష్పత్తిన కోత పెట్టరాదు. తిరిగి రాగానే తీసుకున్నాను.

అక్కడి కథకు వస్తాను. స్కోరు కాగితం వచ్చింది. అందులో గోడచుట్టూ ఐదడుగుల మేర మండే వస్తువేదీ ఉండరాదని ఉన్నది. నిప్పురవ్వలు గాలికి వచ్చి రాలేది అక్కడేనట. అల్లుడు అటక గాలికంతలకు సన్నని లోహపు జాలీలు బిగించాడు. జాజితీగను ఎవరినీ ముట్టనీయక మా శ్రీమతే కోసింది. ఒక ఉదయమంతా పట్టింది. పందిరి చెక్కలు అల్లుడు ఊడదీశాడు. గోడమీద తీగ పాకిన జాడలు మాత్రం మిగిలాయి.

ఫోటోలు జతచేసి అప్పీలు పంపాం. స్కోరు తగ్గించారు. పాలసీ మాత్రం ఇవ్వలేదు. తగ్గింపు ఇవ్వాలన్న నిబంధన ఉన్నది కాని, ఇంటిని చేర్చుకుని తీరాలన్న నిబంధన లేదు. నేను ఎంత చదివినా ఆ లోపం పూడలేదు. బీమా శాఖకు ఫిర్యాదు చేస్తే, నోటీసు సక్రమంగానే ఉన్నదని మర్యాదగా జవాబు వచ్చింది. బీమా లేకుండా ఉందామంటే అప్పిచ్చిన బ్యాంకు ఊరుకోదు. తానే ఎక్కువ ధరకు పాలసీ తెచ్చి ఖర్చు ఇంటివారి నెత్తిన వేస్తుంది.

చివరకు మిగిలినది ఫెయిర్ ప్లాన్. వేరెక్కడా బీమా దొరకనివారి కోసం 1968లో ఏర్పడినది. ప్రభుత్వ ధనం కాదు, కంపెనీలన్నీ కలిసి మోసే భారం. అది ప్రధానంగా అగ్నికీ పొగకూ మాత్రమే. దొంగతనానికీ, గొట్టం పగిలి నీళ్ళు పారినదానికీ మరొక పాలసీ వేరే కొనాలి. వెనుక ఏడాదికి 2,100 డాలర్లు కట్టినవారు ఇప్పుడు రెంటికీ కలిపి 5,600 కట్టారు. జాలీలకూ, గోడచుట్టూ శుభ్రం చేసినందుకూ తగ్గింపు పోగానే ఆ మొత్తం. ఆ తగ్గింపు వాళ్ళు తమంతట వేయలేదు, అడిగితే వేశారు.

మేము తిరిగివచ్చిన తరువాత, 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో పదహారువేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఆ రాత్రి అమ్మాయికి ఫోను చేసి, అగ్ని వాళ్ళకు చాలా దూరమని తెలిసినా, పాలసీ ప్రతి ఇంట్లోనే గాక మరొకచోట కూడా దాచమన్నాను. "స్కాన్ చేసి మీకే పంపాను గదా నాన్నగారూ, మీ దగ్గరే ఉంది" అన్నది.

మొన్న ఇంకొక కంపెనీ మనిషి వచ్చి ఇంటిచుట్టూ ఫోటోలు తీసుకువెళ్ళాడట. జవాబు ఇంకా రాలేదు. కోసిన జాజికొమ్మల్లో రెండు పెరట్లో, గోడకు దూరంగా, కుండీలో బ్రతికాయని చెప్పింది. ఎన్నడుగులో కొలిచి చెప్పమన్నది మా శ్రీమతి.