ఆధారములను పేర్కొనుట

జగ్గయ్యపేట, నందిగామల నుండి వచ్చు మా విద్యార్థులు ఉర్దూ, తెలుగు రచనలతో ఒక వెబ్ పుటను కూర్చిరి. కళాశాలలో అది చక్కగా నడచినది. నందిగామలో ఒకరి యింట తెరువగా బటన్లు పనిచేయలేదు. నస్తాలీఖ్ లిపి పోయి, తాతగారికి మనుమని కవిత చదువ కష్టమైనది. ఫాంటు, జావాస్క్రిప్టు లైబ్రరీ కళాశాల కంప్యూటరులోనే యుండిపోయినవి. పుట వాటిని పేర్కొనలేదు.

వ్యాఖ్యాత నిఘంటువును పేర్కొనునట్లే, మాడ్యూలు తన ఆధారములను వెర్షను సంఖ్యతో ‘ప్యాకేజ్.జేసన్’ పట్టికలో ప్రకటింపవలెను. ఫాంటులను వెంట తీసికొనిపోవలెను. 2016 మార్చిలో ‘లెఫ్ట్-ప్యాడ్’ అను 11 పంక్తుల మాడ్యూలు ఎన్.పి.ఎం. భాండారము నుండి తొలగగానే వేలాది ప్రాజెక్టులు నిలిచిపోయినవి. పట్టిక యున్నందుననే లోపించినదేదో వెంటనే తెలిసినది. ఋణము చెప్పుకొనుట చిన్నతనము కాదని మేము తలంతుము; తాతగారి యింటికి కవిత చేరు త్రోవ అదియే.